అవతలి గట్టు రంగు

నది ఇవతల మాది స్టాడర్డ్, ఎరుపు.
అవతల మార్లో, ఆకుపచ్చ.
మధ్యన మిసిసిపీ, జనవరిలో గడ్డకట్టి
ఎవరి రంగూ పూసుకోకుండా పడుంటుంది.

వంతెన దాటి పెళ్లాడినవాళ్లున్నారు మా ఊళ్లో,
క్షమించేశాం.
వంతెన దాటి బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లు మాత్రం
ఇన్నాళ్లూ లేరు.

సెక్షన్ సి, ఆరో వరుస, పదకొండో సీటు.
ముప్ఫై రెండేళ్లుగా అదే చెక్క, అదే పెచ్చు,
నా కోటుకి అదే చోట చిరుగు.
మొదట్లో మేం నలభై మూడు మందిమి,
రిఫరీలతో కలిపి.
మగపిల్లల ఆట ఏడింటికి.
ఆడపిల్లలది నాలుగున్నరకి, దీపాలు సగమే వేసి.
యూనిఫారాలు తామే ఉతుక్కునేవాళ్లు.
ఉత్తరాలు పంచే బండి దిగి, బూట్ల మంచు దులపకుండా
పరుగున వచ్చి కూర్చునేదాన్ని.
అరిస్తే నా గొంతు గోడకి కొట్టుకుని
నాకే తిరిగొచ్చేది.

ఇప్పుడు టికెట్లు దొరకవు.
డెజారే ఫెంట్రెస్ వచ్చాకే కదా ఇదంతా.
గేరీ నుంచి వచ్చింది, ఎడమచేతి వాటం, పద్నాలుగో నంబరు.
ఆమె చేతికి బంతి అందితే
పక్కసీటు హెర్మినా
పేలాలు నమలడం ఆపేసేది.
హెర్మినా భర్త పోయిన వారంలో కూడా
పేలాలు ఆపని మనిషి.

పోయిన ఏప్రిల్లో ఆ పిల్ల పేరు
బదిలీల జాబితాలో కనబడింది.
హార్డ్‌వేర్ కొట్టు వెనక డ్రమ్ములో
ఎవరో జెర్సీ కాల్చారు.
పాలియెస్టర్ సరిగ్గా మండదు, కరుగుతుంది.
నల్లటి ముద్దై డ్రమ్ముకి అంటుకుపోయింది.
ఏరు దాటి తెప్ప తగలేసిందన్నారు.
అగ్గిపుల్ల మాత్రం
ఈ గట్టు మీదే గీశారు.

అంతకు ముందు ఏడు కోచ్ విట్‌కాం
మూడింతల జీతానికి అరిజోనా వెళ్తే
కేకు కోశాం.
పళ్లెం మోసింది నేనే.

అక్కడ నర్సింగ్ కోర్సుందట, ఇక్కడ లేదు.
డబ్బు కూడా ఇస్తారట.
ఎంతో ఎవరికీ తెలీదు కాబట్టి
తలా ఒక అంకె చెప్పారు.

నిన్న రాత్రి ఆకుపచ్చలో వచ్చింది. అదే పద్నాలుగు.
మైకులో పేరు పడగానే హాలు బుసకొట్టింది.
నేనూ లేచాను. అబద్ధమెందుకు,
పెట్టుడు పళ్లు కదిలేలా అరిచాను.
ఆమె తలెత్తి చూసింది, మా సెక్షన్ వైపే,
కాదంటే మా పైనున్న గడియారం వైపు.
రెండు వేల గొంతులు.
ఇంతమంది రావాలనే కదా
ముప్ఫై రెండేళ్లు కోరుకున్నాను.
వచ్చారు.

తొమ్మిది సెకన్లుంది.
అరవై ఒకటికి అరవై ఒకటి.
రెండు ఫ్రీ త్రోలు, ఆమెవే.
బోర్డు వెనక కుర్రాళ్లు తువ్వాళ్లు తిప్పుతున్నారు.
మూడుసార్లు బంతిని నేలకేసి కొడుతుంది,
ఎడమ మేజోడు పైకి లాక్కుంటుంది,
నాలుగోసారి కొట్టి ఆగుతుంది.
మార్లోవాళ్లకి ఇదింకా తెలిసుండదు,
వాళ్లకి కొత్త పిల్ల.
ఒకటి, రెండు, మూడు,
నా పెదాలు నన్నడక్కుండానే కదిలాయి.
మేజోడు.
నాలుగు.
పడింది. ఇనుపచట్రానికి తెలీకుండా.

హెర్మినా నన్ను మోచేత్తో పొడిచింది.
నోరు మూసుకున్నాను.
రెండోది అంచుకి తగిలి బయటికి పోయింది.
మిగిలిన తొమ్మిది సెకన్లలో
మావాళ్లేం చేశారో అడక్కండి.

ఒక్క పాయింటుతో ఓడాం.
ఆ ఒక్కటీ నేను లెక్కపెట్టిందే.
కారు అద్దం మీద మంచు గీకుతూ హెర్మినా అంది,
ఆ పిల్ల చెయ్యి ఇంకా బానే ఉందని.
ఎవరు? అన్నాను.